కరెంటు తిరిగొచ్చిన క్షణం: రిలే బోర్డుల మంచిచెడ్డలు

యాగంటి ఉమామహేశ్వరాలయం కోనేట్లోకి నంది నోటి నుంచి ఏడాది పొడవునా నీళ్ళు పడుతూనే ఉంటాయి. ఎర్రమల కొండల్లోంచి ఊటగా వచ్చే నీరది. దానికి మోటారు అక్కర్లేదు, స్టార్టరు అక్కర్లేదు, కరెంటు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే పని లేదు. అదే కొండ దిగి బనగానపల్లె దారి పట్టామంటే ప్రతి నీటి చుక్కకూ ఒక మీట కావాలి. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లి మామిడికి పేరిచ్చిన ఊరిది. ఇక్కడి తోటల్లో బోరు పక్కన రాతి కూసానికి ఒక ఇనుప డబ్బా, డబ్బాలో స్టార్టరు, దాని మీద పచ్చ మీట, ఎర్ర మీట.

ఆ మీటలు నొక్కడానికి మనుషులు ఎన్నో ఏళ్ళు చీకట్లో నడిచారు. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. కానీ అది విడతలుగా వచ్చేది, అందులో ఒక విడత రాత్రిపూట పడేది. గట్టు మీద పాము కాటుకు గురైనవాళ్ళు, తడి చేత్తో డబ్బా ముట్టుకుని షాక్ తగిలి పోయినవాళ్ళు ఉన్నారు. ఆ బాధ ఈ ప్రాంతపు పల్లెలకు కొత్త కాదు. మనిషికి బదులుగా ఒక బోర్డు ఆ మీట నొక్కాలన్న కోరిక అక్కడ పుట్టింది. దాన్ని కేవలం ఎలక్ట్రానిక్స్ సరదాగా చూడటం తప్పు.

ఇవాళ నంద్యాలలో డిప్లొమా చదివే కుర్రాడి దగ్గర నుంచి సొంత తోటకు తానే కంట్రోలర్ కట్టుకోవాలనుకునే రైతు దాకా చాలామంది ఒకే బోర్డు వైపు చూస్తున్నారు. ఒక చిన్న మైక్రోకంట్రోలర్, దానికి తోడు ఒక ఇన్‌పుట్-అవుట్‌పుట్ ఎక్స్‌పాండర్ ఐసీ, దాని వెనక వరసగా ఎనిమిదో పదహారో నీలిరంగు రిలేలు. ఏ ఐసీ మంచిది, ఎన్ని రిలేలు పెట్టొచ్చు అన్నవే వాళ్ళు ముందుగా అడిగే ప్రశ్నలు. నా దృష్టిలో వాటికంటే ముందు అడగాల్సింది ఒకటుంది. కరెంటు పోయి తిరిగొచ్చినప్పుడు, ప్రోగ్రాం ఇంకా కళ్ళు తెరవకముందు, ఆ మొదటి క్షణంలో ఈ బోర్డు ఏం చేస్తుంది? కరెంటు రోజుకు పదిసార్లు పోయి వచ్చే ఊళ్ళో బోర్డు బాగోగులను తేల్చేది ఆ క్షణమే. ఈ సమీక్షలో ప్రతి భాగాన్నీ ఆ ప్రశ్న ముందు నిలబెట్టి చూస్తాను.

అంచె అంటే

రిలే అన్న మాటకు తెలుగులో అచ్చంగా సరిపోయే మాట ‘అంచె’. పూర్వం టపా మోసే మనిషి ఒక మజిలీ దాకా పరుగెత్తి సంచిని తాజాగా ఉన్న ఇంకొకరి చేతికి అందించేవాడు. అలసిపోయిన సంకేతాన్ని కొత్త బలంతో ముందుకు పంపడమే అంచె పని. 1835 ప్రాంతంలో అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ చేసిన విద్యుదయస్కాంత రిలే కూడా అదే పని చేసింది. దూరం పోయేకొద్దీ నీరసించిన టెలిగ్రాఫ్ కరెంటు ఒక చిన్న అయస్కాంతాన్ని లాగితే, ఆ అయస్కాంతం ఒక కొత్త బ్యాటరీ దారిని కలిపేది.

ఆ తరవాత నూరేళ్ళకు పైగా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు, రైల్వే సిగ్నళ్ళు రిలేల మీదే నడిచాయి. 1941లో జర్మనీలో కొన్‌రాడ్ జూసె కట్టిన జడ్3 కంప్యూటర్ మొత్తం రిలేలతోనే లెక్కలు కట్టింది. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్ 2 యంత్రం మొరాయిస్తే, ఒక రిలేలో ఇరుక్కున్న రెక్కల పురుగు దొరికింది. దాన్ని రికార్డు పుస్తకంలో అతికించి పెట్టారు. పొలం స్టార్టరులో కాంటాక్టుల మధ్య చీమలు చేరి మోటారు ఆడకపోవడం, బల్లి రెండు ఫేజుల మీద పడి ఫ్యూజు కొట్టేయడం చూసినవాళ్ళకు ఆ సంగతి వింతగా అనిపించదు.

ఇన్నేళ్ళకూ రిలేని ఇంకా వాడుతున్నామంటే కారణం దాని తెంపే గుణం. కాయిల్ ఉన్న వైపుకూ కాంటాక్టు ఉన్న వైపుకూ తీగ సంబంధం ఉండదు, గాలి అడ్డం. కాంటాక్టు విడిపోయిందంటే కరెంటు పూర్తిగా ఆగినట్టే. సాలిడ్ స్టేట్ రిలే నిశ్శబ్దంగా పనిచేస్తుంది, అరిగిపోదు. కానీ ఆపినప్పుడు కూడా దానిలోంచి కాస్త కరెంటు కారుతూనే ఉంటుంది. 10 ఆంపియర్లు నడిపితే 10 నుంచి 15 వాట్ల వేడి పుట్టిస్తుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే నంద్యాల ఎండలో, మూసిన ఇనుప డబ్బాలో ఆ వేడికి పోయే దారి ఉండదు. పైగా అది చెడిపోయేటప్పుడు ఎక్కువగా ‘ఆన్’ స్థితిలోనే చెడిపోతుంది. ఈ వాతావరణానికి టిక్కుమనే పాత రిలేనే తగినది.

పిన్నులు ఎందుకు చాలవు

ఒక్క బల్బు వెలిగించడానికి ఎక్స్‌పాండర్ అక్కర్లేదు. తోటకు వచ్చేసరికి లెక్క మారుతుంది. ఒక మోటారుకు రెండు రిలేలు కావాలి, ఒకటి పచ్చ మీట నొక్కడానికి, ఇంకొకటి ఎర్ర మీట నొక్కడానికి. మూడు ఫేజులూ ఉన్నాయో లేదో చూసే ఇన్‌పుట్లు మూడు. మోటారు నిజంగా తిరుగుతోందని చెప్పే ఇన్‌పుట్ ఒకటి. దానికి ఎనిమిది డ్రిప్ వాల్వులు కలిపితే పద్నాలుగు లైన్లు ఒక్క బోరుకే అయిపోయాయి. ఆర్డుయినో ఊనోలో డిజిటల్ పిన్నులు 14, అనలాగ్ పిన్నులు 6. వాటిలోనే ఫోన్ మాడ్యూలు, తెర, గడియారం ఇమడాలి. ఈఎస్‌పీ8266 లాంటి వైఫై ఐసీలకు పిన్నులు ఇంకా తక్కువ. వాటిలో కొన్ని బోర్డు నిద్ర లేచేటప్పుడు తమంతట తాము పైకీ కిందికీ కొట్టుకుంటాయి. అలాంటి పిన్నుకు నేరుగా రిలే తగిలిస్తే, కరెంటు వచ్చిన ప్రతిసారీ రిలే ఒకసారి టిక్కుమని కొట్టుకుంటుంది. దాని అవతల మోటారు ఉంటే ఆ టిక్కు ఒక ఆజ్ఞే అవుతుంది.

ఎక్స్‌పాండర్ ఈ రెండు ఇబ్బందులకూ మందు. రెండే తీగల మీద, అంటే ఒకటి డేటాకు, ఒకటి గడియారపు తాళానికి, మైక్రోకంట్రోలర్ చెప్పిన మాట విని అది తన ఎనిమిది లేదా పదహారు పిన్నులను ఆడిస్తుంది. ఈ రెండు తీగల పద్ధతి ఐ2సీని ఫిలిప్స్ సంస్థ 1982లో తెచ్చింది. ఒక టీవీ పెట్టెలోపల ఐసీలు మాట్లాడుకోవడానికి పుట్టిన భాష అది. పొలం ఈ చివర నుంచి ఆ చివరికి కేకేయడానికి పుట్టలేదు. ఈ సంగతి మరిచినవాళ్ళు తరవాత తిప్పలు పడతారు.

రెండు ఐసీలు, రెండు స్వభావాలు

బజార్లో తేలిగ్గా దొరికేవి రెండు. ఫిలిప్స్ నుంచి వచ్చిన పీసీఎఫ్8574, మైక్రోచిప్ సంస్థ చేసే ఎంసీపీ23017. మొదటిదానికి ఎనిమిది లైన్లు, రెండోదానికి పదహారు. రెండింటికీ మూడేసి అడ్రసు పిన్నులున్నాయి కాబట్టి ఒకే జత తీగల మీద ఎనిమిదేసి పెట్టొచ్చు. ఎంసీపీ23017లు ఎనిమిది పెడితే 128 లైన్లు. రెండింటి అడ్రసులూ హెక్స్ లెక్కలో 20 నుంచి 27 వరకే కనక, రెంటినీ కలిపి వాడేటప్పుడు ఒకే అంకె ఇద్దరికీ పడకుండా చూడాలి. తెరల వెనక అతికించి అమ్మే చిన్న పలకలో కూడా చాలావరకు పీసీఎఫ్8574 ఉంటుంది, దాని అడ్రసు తరచుగా 27. రిలే బోర్డుకూ అదే అంకె పెడితే తెర మీద అక్షరం మారినప్పుడల్లా రిలేలు కొట్టుకుంటాయి.

లైన్ల సంఖ్య కన్నా పెద్ద తేడా నిద్ర లేచే తీరులో ఉంది. పీసీఎఫ్8574 కరెంటు రాగానే తన ఎనిమిది పిన్నులనూ పైస్థాయిలో పెడుతుంది. అయితే ఆ పైస్థాయికి బలం లేదు, దాదాపు 100 మైక్రో ఆంపియర్లే ఇవ్వగలదు. కిందికి లాగడంలో మాత్రం గట్టిది, 25 మిల్లీ ఆంపియర్ల వరకు లాగుతుంది. కాబట్టి పిన్ను కిందికి దిగితే రిలే పడే రకం బోర్డుకు, అంటే బజార్లో ఆప్టోకప్లర్లతో దొరికే మామూలు రిలే పలకలకు, ఇది సహజమైన జోడీ. లేవగానే అన్ని పిన్నులూ పైన ఉంటాయి, రిలేలన్నీ విడిచే ఉంటాయి.

అదే పీసీఎఫ్8574 వెనక యూఎల్‌ఎన్2803 డ్రైవరు పెడితే కథ తిరగబడుతుంది. ఆ డ్రైవరుకు పైస్థాయి అంటే ‘ఆన్’. రిలేను గట్టిగా లాగడానికి ఐసీ ఇచ్చే ఆ కొసరు కరెంటు చాలదు, పూర్తిగా విడిచిపెట్టడానికి ఆ పైస్థాయి ఒప్పుకోదు. నేను మొదట కట్టిన బోర్డులో చేసిన తప్పు సరిగ్గా ఇదే. బల్ల మీద బల్బులతో చూసినప్పుడు బాగానే ఉందనుకున్నాను. కరెంటు తీసి పెట్టినప్పుడు రిలేలు సగం పట్టీ పట్టక గీపెట్టాయి. ఆ రోజు నుంచి ఏ ఐసీ కాగితం చేతికొచ్చినా, మొదట ‘పవర్ ఆన్’ అన్న పేరాయే వెతుకుతాను.

ఎంసీపీ23017 స్వభావం వేరు. లేవగానే పదహారు పిన్నులూ ఇన్‌పుట్లుగా ఉంటాయి, ఎవరినీ లాగవు, ఎవరినీ నెట్టవు. యూఎల్‌ఎన్2803 లోపలే కిందికి లాగే నిరోధకాలున్నాయి కాబట్టి, ఎవరూ నెట్టనప్పుడు రిలేలు విడిచే ఉంటాయి. ఈ జోడీ అందుకే కుదిరింది. ప్రోగ్రాం రాసేటప్పుడు మాత్రం వరస ముఖ్యం. ముందు అవుట్‌పుట్ లాచ్ రిజిస్టర్లో సున్నాలు రాయాలి, ఆ తరవాతే పిన్నులను అవుట్‌పుట్లుగా మార్చాలి. వరస తప్పితే, నడుమ ఒకసారి రీసెట్ అయిన మైక్రోకంట్రోలర్ మళ్ళీ లేచినప్పుడు లాచ్‌లో మిగిలిన పాత విలువ రిలేల మీదికి దూకుతుంది. ఇంకొక సంగతి: మైక్రోచిప్ 2022లో సవరించిన కాగితం ప్రకారం ఈ ఐసీలో ఎ, బి రెండు వరసల్లోనూ ఏడో నంబరు పిన్నును అవుట్‌పుట్‌గానే వాడాలి. పాత వ్యాసాలు చూసి దాన్ని ఇన్‌పుట్‌గా పెట్టుకున్న నకళ్ళు ఇంకా తిరుగుతున్నాయి.

చవగ్గా దొరికే ఇంకో దారి 74హెచ్‌సీ595 షిఫ్ట్ రిజిస్టర్. దానికి చదివే శక్తి లేదు, అవుట్‌పుట్ ఒక్కటే. కరెంటు వచ్చినప్పుడు అది ఏ స్థితిలో లేస్తుందో ఎవరూ చెప్పలేరు. అవుట్‌పుట్లను తెరిచే పిన్నును నిరోధకంతో మూసిపెట్టి, ప్రోగ్రాం సున్నాలు తోసిన తరవాత తెరిస్తే దాన్నీ దారిలో పెట్టొచ్చు. ఆ పిన్నును నేరుగా నేలకు కట్టేసిన బోర్డును మాత్రం మోటారు దగ్గరికి రానివ్వకూడదు.

ఐసీకీ కాయిల్‌కీ మధ్య

5 వోల్టుల నీలి రిలే కాయిల్ నిరోధం దాదాపు 70 ఓములు, అది తాగేది 70 మిల్లీ ఆంపియర్లు. ఎక్స్‌పాండర్ పిన్ను ఇవ్వగలిగింది 25. ఎంసీపీ23017 ఐసీ మొత్తానికి కలిపి కూడా 150 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు. కాబట్టి నడుమ ఒక డ్రైవరు తప్పదు. యూఎల్‌ఎన్2803లో ఎనిమిది డార్లింగ్టన్ జతలుంటాయి. ఒక్కొక్కటి 500 మిల్లీ ఆంపియర్లు, 50 వోల్టుల వరకు తట్టుకుంటుంది. రిలే విడిచినప్పుడు కాయిల్ ఎదురుతన్నే వోల్టేజీని మింగే డయోడ్లు దాని లోపలే ఉన్నాయి. అయితే ‘కామన్’ అని రాసిన పదో పిన్నును రిలేల సప్లైకి కలిపితేనే అవి పనిచేస్తాయి. ఈ ఒక్క తీగ మరిచిపోయిన బోర్డులు నెల తిరక్కుండా ఐసీలు కాల్చుకుంటాయి.

పదహారు రిలేలు ఒకేసారి పడితే 5 వోల్టుల మీద 1.1 ఆంపియరు పైన కావాలి. దాన్ని మైక్రోకంట్రోలర్ బోర్డు మీది రెగ్యులేటరు నుంచి లాగితే వోల్టేజీ కుంగి, మెదడు రీసెట్ అవుతుంది, రిలేలు విడిచిపెడతాయి, మళ్ళీ లేస్తుంది, మళ్ళీ పడుతుంది. పొలం పనికి 12 వోల్టుల రిలేలే నయం. కాయిల్ ఒక్కింటికి 30 మిల్లీ ఆంపియర్లే, పదహారింటికి అర ఆంపియరు లోపే. రిలేలకు 12 వోల్టులు, మెదడుకు దాని నుంచి దింపిన 5 లేదా 3.3 వోల్టులు వేరువేరుగా పోవాలి.

ఆప్టోకప్లర్ ఉన్న బజారు పలకల విషయంలో ఒక అపోహ ఉంది. ఆప్టో ఉంటే చాలు, విడదీత పూర్తయిందనుకుంటారు. రిలే సప్లైనీ మెదడు సప్లైనీ కలిపే చిన్న జంపరు తీసేసి, రెండింటికీ వేరువేరు సప్లైలు ఇచ్చినప్పుడే ఆ ఆప్టోకు అర్థం. జంపరు ఉంచేస్తే అది మధ్యలో ఒక దీపం మాత్రమే.

రిలే ఎక్కడ ఆగాలి

బోర్డు మీది రిలే పని మోటారును మోయడం కాదు. దాని మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని రాసి ఉంటుంది, 5 హెచ్‌పీ మోటారు తాగేది 8 ఆంపియర్లే కదా అనుకుంటారు. కానీ ఆ మోటారు లేచేటప్పుడు దాదాపు ఆరు రెట్లు, అంటే 48 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆ దెబ్బకు చిన్న కాంటాక్టులు కరిగి అతుక్కుపోతాయి. అతుక్కున్న కాంటాక్టుకు ఇక ఏ ప్రోగ్రామూ ‘ఆగు’ అని చెప్పలేదు. అందుకే రిలే స్టార్టరులోని కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రమే ఆడించాలి. మోటారును ఆడించే పని కాంటాక్టర్‌ది. ఇదే రెండో అంచె.

ఇక్కడ ఈ ప్రాంతపు స్టార్టర్లలో దాగిన గుంట ఒకటుంది. మన పొలం స్టార్టర్లలో చాలావాటికి కాంటాక్టర్ కాయిల్ రెండు ఫేజుల మధ్య, అంటే 415 వోల్టుల మీద నడుస్తుంది. బోర్డు రిలేకు రాసిన హద్దు 250 వోల్టులు. కరెంటు తక్కువే కాబట్టి మొదట్లో పనిచేసినట్టే కనిపిస్తుంది. కొన్నాళ్ళకు విడిచే కాంటాక్టుల మధ్య నిప్పు ఆరకుండా నిలబడుతుంది. 240 వోల్టుల కాయిల్ ఉన్న కాంటాక్టర్‌కు మార్చి న్యూట్రల్‌తో నడపాలి, లేదా కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, అదీ కాదంటే 415కు తగిన మరో రిలేను నడుమ వేయాలి. నాలుగో దారి లేదు.

తీగలు కలిపే పద్ధతి పాత మెకానిక్‌లకు తెలిసిందే. ‘స్టార్ట్’ రిలే యొక్క మామూలుగా తెరిచి ఉండే కాంటాక్టు పచ్చ మీటకు సమాంతరంగా, ‘స్టాప్’ రిలే యొక్క మామూలుగా మూసి ఉండే కాంటాక్టు ఎర్ర మీటకు వరసలో. రిలే ఒకటి రెండు సెకన్లు పడి విడిచిపెడితే చాలు, కాంటాక్టర్ తన కాంటాక్టుతో తనను తానే పట్టుకుంటుంది. బోర్డు మొత్తం కాలిపోయినా రైతు చేత్తో నొక్కి మోటారు వేసుకోగలడు, ఆపుకోగలడు. పాత మీటల హక్కు తీసేసే బోర్డు ఎంత తెలివైనదైనా పొలానికి పనికిరాదు.

దీనిలో ఇంకో లాభం ఉంది. నీలి రిలేకు నిండు బరువు మీద లక్షసార్లు ఆడే ఆయుష్షు చెబుతారు. రోజుకు ఇరవైసార్లు ఆడినా పదమూడేళ్ళు పైబడి వస్తుంది. కాయిల్ కరెంటు మాత్రమే మోసే రిలేకు అంతకన్నా ఎక్కువే.

ఒకే క్షణం, మూడు జవాబులు

స్టార్టరు కనిపెట్టిన పాత ఇంజనీర్ల తెలివి ఆ స్వయంగా పట్టుకునే కాంటాక్టులోనే ఉంది. కరెంటు పోగానే కాంటాక్టర్ విడిచిపెడుతుంది. కరెంటు తిరిగొచ్చినా మనిషి మీట నొక్కేదాకా మోటారు లేవదు. ఎప్పుడొస్తుందో తెలియని కరెంటు కోసం రాత్రంతా కాచుకోలేక రైతు ఆటో స్టార్టరు పెట్టుకున్నాడు. కరెంటు రాగానే అదే మోటారు వేస్తుంది. అతని అవసరం నిజం. దాని ఫలితమూ నిజమే: కరెంటు వచ్చిన క్షణాన ఆ లైను మీది మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి.

లెక్క చూడండి. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నిండుగా ఇవ్వగలిగేది ఫేజుకు 33 ఆంపియర్లు. దాని కింద 5 హెచ్‌పీ మోటార్లు మూడు నడుస్తుంటే 24 ఆంపియర్లు, హాయిగా మోస్తుంది. మూడూ ఒకేసారి లేస్తే 144 ఆంపియర్లు, నాలుగు రెట్లకు మించి. వోల్టేజీ కుంగుతుంది, కుంగిన వోల్టేజీలో ఏ మోటారూ వేగం అందుకోలేదు, వైండింగులు కాలతాయి, చివరికి ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. అదే మూడూ ఒకదాని తరవాత ఒకటి లేస్తే గరిష్ఠంగా 64 ఆంపియర్లు, అదీ కొన్ని సెకన్లే. ఆటో స్టార్టర్లు తీసేయమని విద్యుత్తు సంస్థలు రైతులను పదేపదే కోరడానికి కారణం ఇది. రిలే బోర్డు ఈ తగువును తీర్చగలదు. కరెంటు రాగానే ఏమీ చేయకూడదు. మూడు ఫేజులూ నిలకడగా ఉన్నాయో లేదో కొంతసేపు చూడాలి. తరవాత ప్రతి బోర్డూ తనకంటూ వేరుగా పెట్టిన ఆలస్యం గడిచాకే స్టార్ట్ రిలే వేయాలి. పక్క రైతుల బోర్డులతో ఆలస్యాలను పంచుకుంటే ఇంకా మంచిది. ఇది ప్రోగ్రాంలో రెండు వరసల పని, ట్రాన్స్‌ఫార్మర్‌కు మాత్రం ప్రాణం.

ఆళ్ళగడ్డకు వెళితే జవాబు మారుతుంది. అక్కడి శిల్పుల పేరు దేశమంతా తెలుసు. ఉలితో పాటు ఇప్పుడు కట్టరు, గ్రైండరు వాళ్ళ చేతిలో నడుస్తున్నాయి. కరెంటు పోయినప్పుడు శిల్పి వంగి రాయిని చూస్తాడు, దుమ్ము తుడుస్తాడు, చక్రం పక్కన చెయ్యి పెడతాడు. ఆ క్షణాన కరెంటు తిరిగొచ్చి యంత్రం దానంతట అదే లేస్తే వేళ్ళు పోతాయి. బేతంచెర్ల నాపరాతి పాలిష్ యూనిట్లలో కూడా ఇదే సంగతి. అక్కడ పెట్టే బోర్డు ఆలస్యం తరవాత కూడా తనంతట తాను యంత్రం వేయకూడదు, మనిషి వచ్చి మీట నొక్కాల్సిందే. తోటకు రాసిన ప్రోగ్రాంను కాపీ చేసి శిల్పశాలలో పెట్టడం నేరమనే అంటాను.

నంద్యాల చుట్టుపక్కల డ్రిప్ తోటల్లో మూడో జవాబు. 2003లో మొదలైన ఆంధ్రప్రదేశ్ సూక్ష్మసేద్య పథకం నుంచి డ్రిప్ పైపులు రాయలసీమ పొలాల్లోకి విస్తారంగా వచ్చాయి. పొలాన్ని భాగాలు చేసి ఒక్కో భాగానికి ఒక్కో వాల్వు పెడితే, పదహారు లైన్ల ఎక్స్‌పాండర్ అక్కడ నిజంగా అక్కరకొస్తుంది. ఆ వాల్వులు మామూలుగా 24 వోల్టుల ఏసీ మీద నడుస్తాయి, చిన్న రిలేలు నేరుగా మోస్తాయి. ఇక్కడ ప్రాణం వరసలో ఉంది. ముందు వాల్వు తెరుచుకోవాలి, తరవాతే మోటారు లేవాలి. భాగం మారేటప్పుడు కొత్తది తెరిచాకే పాతది మూయాలి. ఆపేటప్పుడు ముందు మోటారు, తరవాత వాల్వు. అన్ని వాల్వులూ మూసి ఉండగా మోటారు తిరిగితే నీటి ఒత్తిడికి పైపు పగులుతుంది. కరెంటు వచ్చినప్పుడు మోటారును బోర్డు చూసుకుని, వాల్వులను విడి టైమరు చూసుకునే ఏర్పాటులో ఈ ప్రమాదం పొంచి ఉంటుంది. రెండూ ఒకే మెదడు కింద ఉండాలి.

మెదడు ఆగిపోతే

ఎక్స్‌పాండర్ నమ్మకమైన పనివాడు. చివరగా చెప్పిన మాటను పట్టుకుని కూర్చుంటాడు. యజమాని స్పృహ తప్పినా మాట మార్చడు. అదే ప్రమాదం. మైక్రోకంట్రోలర్ ఇరుక్కుపోయినా, రీసెట్ అయినా, ఎక్స్‌పాండర్‌కు ఆ సంగతి తెలియదు, ఆన్‌లో ఉన్న రిలే ఆన్‌లోనే ఉంటుంది. పీసీఎఫ్8574కు రీసెట్ పిన్ను లేదు. ఎంసీపీ23017కు ఉంది, దాన్ని మెదడు రీసెట్‌తో కలిపితే ఇద్దరూ ఒకేసారి లేస్తారు. నా మట్టుకు ఆ ఒక్క పిన్ను కోసమే మోటార్ల పనికి రెండోదాన్ని ఎంచుకుంటాను. దానికి మించిన భద్రత కావాలంటే రిలేలకు వెళ్ళే 12 వోల్టులను ఒక విడి కాపలా సర్క్యూట్ ద్వారా పంపాలి. మెదడు క్రమం తప్పకుండా తట్టుతున్నంతసేపే ఆ సప్లై ఉంటుంది. తట్టడం ఆగితే రిలేలన్నీ విడిచిపెడతాయి.

కాంటాక్టర్ కాయిల్ విడిచినప్పుడు పుట్టే అలజడి ఐ2సీ తీగల్లోకి దూకి ఎక్స్‌పాండర్ రిజిస్టర్లను చెరుపుతుంది. దీనికి మూడు మందులు కలిపి వాడాలి. కాయిల్‌కు అడ్డంగా నిరోధకం, కెపాసిటరు జత పెట్టాలి. 240 వోల్టులకు 100 ఓములు, 0.1 మైక్రోఫారాడ్ మామూలు. దీన్ని రిలే కాంటాక్టు మీద కాకుండా కాయిల్ మీదే పెట్టాలి. కాంటాక్టు మీద పెడితే విడిచినా 7 మిల్లీ ఆంపియర్లు కారి కొన్ని చిన్న కాంటాక్టర్లు గుయ్యిమంటూ వదలవు. రెండోది, ఐ2సీ తీగలు జానెడు మించకుండా ఎక్స్‌పాండర్‌ను మెదడు పక్కనే ఉంచి, 4.7 కిలో ఓముల నిరోధకాలతో పైకి లాగాలి. దూరం పోవాల్సి వస్తే ఆర్‌ఎస్485 వాడాలి. మూడోది, ప్రోగ్రాం ప్రతి సెకనుకూ అన్ని రిజిస్టర్లనూ తిరిగి రాసి, చదివి సరిచూసుకోవాలి. డేటా తీగ కిందే ఇరుక్కుపోతే గడియారపు తీగను తొమ్మిదిసార్లు ఆడిస్తే సాధారణంగా విడిచిపెడుతుంది.

చివరగా, బోర్డు తన మాట తానే నమ్మకూడదు. ‘ఆపాను’ అనుకోవడం వేరు, మోటారు ఆగడం వేరు. మోటారు తీగ చుట్టూ ఒక కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, దాని జవాబును ఎక్స్‌పాండర్ ఇన్‌పుట్‌కు ఇస్తే, అతుక్కున్న కాంటాక్టు అప్పుడే బయటపడుతుంది. నీళ్ళు లేని బోరులో మోటారు కరెంటు పడిపోవడం కూడా ఆ దారినే తెలుస్తుంది. నీటితోనే చల్లబడే సబ్‌మెర్సిబుల్ మోటారుకు ఆ కబురు వేళకు అందకపోతే వైండింగ్ మిగలదు.

కొనాలా, కట్టుకోవాలా

ఫోన్‌తో మోటారు వేసే పరికరాలు ఇప్పుడు బజార్లో ఉన్నాయి. పుణె నుంచి వచ్చిన నానో గణేశ్, బెంగళూరు నుంచి వచ్చిన కిసాన్ రాజా లాంటివి రైతులకు పరిచయమైన పేర్లే. ఒక్క బోరు, ఒక్క మోటారు ఉన్న రైతుకు అలాంటివి కొనుక్కోవడమే తెలివైన పని. కర్మాగారాలకు పీఎల్‌సీ ఉండనే ఉంది. అది ఖరీదు, కానీ అలజడిని తట్టుకునేలా కట్టినది.

సొంత బోర్డుకు చోటు ఈ రెండింటి నడుమ ఉంది. రెండు బోర్లు, పది వాల్వులు, ఒక తొట్టి ఉన్న తోటకు సరిగ్గా సరిపోయే డబ్బా బజార్లో దొరకదు, పీఎల్‌సీ భారం అవుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, చెడిపోతే పక్క ఊళ్ళోనే బాగుచేసే మనిషి ఉండాలి. ప్రతి ఐసీనీ సోల్డర్ చేయకుండా సాకెట్లో పెట్టడం, రిలేల మీద తెలుగులో పేర్లు రాయడం, తీగల పటం డబ్బా తలుపు లోపల అతికించడం ఇందుకే. 415 వోల్టుల వైపు పని మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతిదే. బోర్డు మీద కూడా కరెంటు వైపు రాగిదారికీ ఐసీల వైపు దారికీ మధ్య కనీసం 8 మిల్లీమీటర్ల ఎడం ఉంచి, రిలే కింద పలకను కోసి సందు చేయాలి. డబ్బాకు ఎర్త్ ఉండాలి, తీగలు వచ్చే రంధ్రాలు బల్లి దూరకుండా మూయాలి.

నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం 1906 నుంచి ఉంది. ఒక వంగడాన్ని రైతుకు ఇచ్చే ముందు అక్కడ ఎన్నో పంటకాలాలు పరీక్షిస్తారు. కరెంటుకూ ప్రాణానికీ మధ్య నిలబడే బోర్డు విషయంలో మనకూ ఆ ఓపిక కావాలి. పరీక్ష కష్టమేమీ కాదు. మోటారు కలపకుండా, కాంటాక్టర్ బదులు బల్బులు పెట్టి, మెయిన్ స్విచ్ వేసి తీయండి. నెమ్మదిగా ఒకసారి, చప్పున ఒకసారి, రిలేలు సగం ఆన్‌లో ఉండగా ఒకసారి, ప్రోగ్రాం రాస్తుండగా ఒకసారి. వందసార్లు చేయండి. ప్రతిసారీ తిరిగొచ్చిన మొదటి క్షణంలో బల్బుల వైపే చూడండి. ఒక్కసారైనా, ఒక్క బల్బైనా, రెప్పపాటైనా మిణుకుమంటే ఆ బోర్డు ఇంకా పొలానికి వెళ్ళకూడదు. నూరుసార్లూ చీకటిగా ఉండి, తన వంతు వచ్చాకే వెలిగితే, అప్పుడు దాన్ని రాతి కూసం మీది డబ్బాలో బిగించవచ్చు.